అడిగినట్టు రాసిన మార్కెట్

మీలో ఎవరన్న కొత్తగ మున్సిపాలిటీల చేరి ఉంటే, ఎప్పుడో ఒకరోజు మీ టేబుల్ మీదికి ఒక నివేదిక ఫారం వస్తది. ఫలానా స్థలం పనికొస్తదా రాదా అని మీ సంతకంతోని చెప్పాలె. నీళ్లున్నయా, రోడ్డున్నదా, కరెంటున్నదా అని వరుసగ గడులుంటయి. ఆఖర్ల ఒక గడి ఉంటది: సంబంధిత వ్యక్తుల అభిప్రాయం తీసుకున్నారా? ఆ గడి కాడ జర ఆగండి. నేను ఆగలే. "తీసుకొనబడినది" అని రాసి సంతకం పెట్టిన. ఆ ఒక్క మాట ఎంత దూరం పోయిందో చెప్త.

శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గ నౌకరీ మొదలువెట్టి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు మున్సిపాలిటీలల్లనే తిరిగి తిరిగి రిటైరయిన. ఈ సంగతి జరిగిన ఊరి పేరు చెప్ప. కృష్ణా, తుంగభద్రల నడుమ నడిగడ్డల ఒక చిన్న పట్నం అనుకోండి. అప్పటికి నాకు ఇంకో ఐదారేండ్ల సర్వీసు ఉంది. నా భార్య నాగర్‌కర్నూల్‌ల టీచరు. ఆమె బదిలీ కాదు, నా బదిలీ ఆగదు. అందుకని నేను ఒక్కన్నే వచ్చి రూము కిరాయికి తీసుకున్న. పొద్దున మెస్సుల తినుడు, సాయంత్రం ఆమెకు ఫోన్ చేసుడు. మొదట్ల ఫోన్ల గంట మాట్లాడుకుంటుంటిమి. తర్వాత తర్వాత "తిన్నవా", "తిన్న" అనేకాడికి వచ్చింది. కోపాలేం లేవు. చెప్పుకునేందుకు ఇద్దరికి కలిసిన రోజు అంటూ ఒకటి ఉండాలె గద, అది లేకుండెపాయె.

ఆ ఏడే మా ఆఫీసుకు కొత్త కమిషనర్ మేడం వచ్చింది. చిన్న వయసు. మాట మెత్తగ, పని గట్టిగ. వచ్చిన నెలకే కౌన్సిల్‌ల ఒక తీర్మానం పెట్టించింది. ఊరి తిండి ఊరి చుట్టుపక్కల చెలకల నుంచే రావాలె. దూరం మండీల నుంచి లారీలల్ల రెండ్రోజులు ఎండి వచ్చే కూరగాయలు కాకుండ, మందులు తక్కువ కొట్టి పండించే చిన్న రైతులవి అమ్ముడుపోవాలె. ముందుగాల కౌలుకు చేసుకునే ఆడోళ్లకు జాగ ఇయ్యాలె. హాస్టళ్లు, అంగన్‌వాడీలు ఆకుకూరలు వాళ్ల కాడనే కొనాలె. వాళ్లు కూసునేదానికి నీడ, నల్లా, మరుగుదొడ్డి ఉన్న మార్కెట్ కట్టాలె. ఇప్పటికీ చెప్త, ఆ తీర్మానంల ఒక్క తప్పు మాట లేదు. తప్పు కాగితం నా చేతుల నుంచి వచ్చింది.

అప్పటిదాంక ఆ ఆడోళ్లంత చౌరస్తాల మురుగు కాలువ ఒడ్డుకు గంపలు పెట్టుకొని కూసుంటుండిరి. పైన ఎండ, పక్కన లారీల పొగ, కింద ఈగలు. పోలీసులు జరగమంటరు, మా సిబ్బంది లెవ్వమంటరు. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గ నేను గూడ ఎన్నోసార్లు లేపిన. ఒకసారి మావోళ్లు ఒకామె తక్కెడ గుంజుకొచ్చి ఆఫీసుల పడేస్తే, తిరిగి ఇచ్చేదానికి వారం పట్టింది. అందుకని మార్కెట్ పని నాకు అప్పజెప్పినప్పుడు సంతోషమే అయ్యింది. ఇన్నేండ్లు లేపినందుకు ఇప్పుడు కూసోబెడుతున్న అనుకున్న.

స్థలానికి రెండు దిక్కులు చూసినం. ఊరి నడుమ జాగకు కోర్టు కేసు ఉంది. బైపాస్ రోడ్డు మీద సర్కారు భూమి ఉంది, చౌరస్తాకు రెండు కిలోమీటర్లు. చదునుగ, విశాలంగ, ఎవరి గొడవ లేని జాగ. సాయంత్రంలోపల నివేదిక పోవాలె అన్నరు. నేను గడులన్ని నింపుకుంట ఆఖరు గడి కాడికి వచ్చిన.

నా పక్క సీటుల ఒక సీనియర్ అసిస్టెంట్ ఉంటుండె. నాకన్న పెద్దాయన, తక్కువ మాట్లాడుతడు. తల ఎత్తకుండనే అడిగిండు, చౌరస్తా కాడ ఆడోళ్లను అడిగినవా అని. పొద్దుగాల అటే పోయిన, చాయ్ తాగిన అన్న. చాయ్ తాగిన సంగతి నిజమే. చాయ్ బండి కాడ ఇద్దరు మొగోళ్లతోని "మార్కెట్ వస్తే మంచిదే గద" అంటే, వాళ్లు తల ఊపిన మాట గూడ నిజమే. ఆయన తన ఫైలు పేజీ తిప్పుకున్నడు. నేను రాసేసిన.

షెడ్డు ఏడాదిలోపల లేచింది. చూసేదానికి ముచ్చటగ ఉండె. నున్నటి షాబాదు బండల గద్దెలు, ప్రతి గద్దెకు నంబరు, నడుమ నల్లాలు, పైన ఫ్యాన్లు. గద్దెల కార్డులు పంచిన రోజు ముప్పై మంది దాంక ఆడోళ్లు ఆఫీసుకు వచ్చిన్రు. నేనే ఒక్కొక్క కార్డు చదివి వినిపించిన, వెనుక రాసిన షరతులు గూడ చదివిన. వరుసగ పదిహేను రోజులు గద్దె ఖాళీగ ఉంటే కార్డు రద్దయితది అనే షరతు నేను రాసిందే. ఊకె పేరు రాయించుకొని జాగ వేరేవాళ్లకు ఇస్తరేమోనని భయం.

అందరికన్న ఆఖర్ల ఒకామె వచ్చింది. నా వయసే ఉంటది, ఇంకో రెండేండ్లు ఎక్కువేమో. ఇటిక్యాల దిక్కు ఒక పల్లె. బతుకంత బొంబైల కట్టడాల కాడ ఇసుక మోసి, భర్త పోయినంక తిరిగొచ్చి అర ఎకరం చెలక కౌలుకు పట్టింది. పుంటికూర, పాలకూర, చుక్కకూర, రెండు సాళ్లు బీర. నంబరు పందొమ్మిది ఆమెది. కార్డు పట్టుకొని అట్లనే నిలబడ్డది.

"బైపాస్ కాడికి ఎవరొస్తరు సారూ?" అన్నది.

"నువ్వు రా అక్కా, నేనుంట," అన్న.

ఎందుకన్ననో తెల్వదు. అందరికి అన్న మాటనే ఆమెకూ అన్న. ఆమె తల ఊపి పోయింది.

మార్కెట్ తెరిచిన వారం గంపలు నిండుగ కనిపించినయి. చౌరస్తాల కూసునుడు బంద్ పెట్టినం కాబట్టి అందరు వచ్చిన్రు. కొనేటోళ్లు రాలే. పొద్దుగాల పనికి పోయే మనిషి చౌరస్తాల రెండు కట్టలు కొని సంచిల వేసుకొని పోతడు గని, అదే రెండు కట్టల కోసం బైపాస్ దాంక ఆటో ఎక్కడు. ఇది నాకు తెల్వని సంగతి కాదు. నేను గూడ మెస్సుకు పోయే తొవ్వలనే అరటిపండ్లు కొనుక్కుంట. నెల తిరిగేసరికి ఒక్కొక్కరు జారిపోయిన్రు. కొందరు గంప నెత్తిన పెట్టుకొని గల్లీలు తిరుగుడు మొదలువెట్టిన్రు. కొందరు మళ్ల చౌరస్తాకే పోయి మావోళ్లు వస్తే లేచి, పోతే కూసునుడు. ఇద్దరు ముగ్గురు తోట కాడికే వచ్చే బేరగాండ్లకు అమ్ముకున్నరు. హాస్టళ్ల ఆర్డరు కూడ రాలే. హాస్టల్ ఒక శాఖది, మార్కెట్ ఒక శాఖది. ఫైలు ఆ రెండింటి నడుమ తిరుగుతనే ఉండె.

ఆఖరుకు నంబరు పందొమ్మిది ఒక్కతే మిగిలింది.

పొద్దుగాల ఏడింటికి షేర్ ఆటోల దిగేది. గద్దె తుడిచి, గోనెపట్ట పరిచి, కట్టలు పేర్చి నీళ్లు చల్లేది. చుట్టూ ఇరవై తొమ్మిది ఖాళీ గద్దెలు. ఫ్యాను ఒక్కటి తిరుగుతుండె. బైపాస్ మీద పోయే లారీ డ్రైవరు ఎవరన్న ఆగితే ఆగినట్టు, లేకుంటే మధ్యాహ్నం దాంక అట్లనే. ఆదివారం పొద్దున మాత్రం చర్చికి పోయి, ప్రార్థన అయినంక వచ్చేది. అమ్ముడుపోని కూర బయట ఆవులకు వేసి పోయేది.

నేను రోజు పోతుంటి. మొదట్ల హాజరు రాసుకునేదానికి. తర్వాత, నిజం చెప్పాలంటే, ఇంకెక్కడికి పోవాల్నో తెల్వక. ఆఫీసుల నన్ను "బైపాస్ సారు" అనుడు మొదలయ్యింది. నేను పోంగనే మాట మార్చేటోళ్లు. చాయ్‌కు పిలుసుడు బంద్ అయ్యింది. ఎవరు తిట్టలే, గొడవ పెట్టుకోలే. అదే కష్టం. ఫెయిలయిన పని పక్కన నిలబడ్డోని కాడికి ఎవరు రారు, వాని వాసన అంటుతదేమో అన్నట్టు.

మేడం రోజు అడిగేది, ఎంతమంది వస్తున్నరని. పెరుగుతున్నరు మేడం అంటుంటి. ఆమెకు జిల్లా మీటింగులు, వీడియో కాన్ఫరెన్సులు, తాగునీళ్ల గొడవ. నా మాట నమ్మింది. ఆమె ఒక్కసారన్న బైపాస్ దిక్కు వస్తే బాగుండు అని కొన్నిసార్లు అనిపించేది. రాకుంటే బాగుండు అని చానాసార్లు అనిపించేది.

నంబరు పందొమ్మిది అక్క, నేను మాట్లాడుకున్నది తక్కువ. ఆమె పన్నెండింటికి సద్ది ఇప్పేది, జొన్నరొట్టె, పుంటికూర తొక్కు. సగం తుంచి నా దిక్కు జరిపేది. నేను వద్దంటే బలవంతం చేసేది కాదు, రొట్టె అట్లనే అక్కడ ఉంచేది. కొంచెంసేపటికి నేనే తీసుకుంటుంటి. ఇంకో రొట్టె ఇయ్యబోతే "సాకు అక్కా" అని నవ్వుతుంటి. రాయచూరు సరిహద్దు మాట అది, చాలు అని, ఆమె కాడనే నేర్సుకున్న. ఆ పట్నంల నాతోని కలిసి కూసొని తిన్న మనిషి ఆమె ఒక్కతే. "నేనుంట" అని మాటిచ్చిన, ఆ మాట మీదనే ఆమె వస్తుంది అని నా లోపల్లోపల ఒక గర్వం. ఇంతమంది పోయినా, ఒక్క మనిషి నన్ను నమ్మింది అనుకున్న.

వానాకాలంల ఆమె రాలే. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు. నేను పోయి ఖాళీ షెడ్డుల కూసొని వస్తుంటి. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. పన్నెండు దినాలు గడిచినయి. పదమూడో నాడు పోయేసరికి గద్దె మీద ఉంది. కూర లేదు, గంప లేదు. తువ్వాల తలకు చుట్టుకొని గద్దెకు ఒరిగి కూసుంది. కండ్లు ఎర్రగ ఉన్నయి, చెయ్యి పట్టుకుంటే కాలుతుంది. జ్వరం.

గింత జ్వరంల ఎందుకొచ్చినవ్, దవాఖానకు పోకుండ, అని కోపం చేసిన.

"పదిహేను రోజులు రాకుంటే కార్డు పోతదని నువ్వే చదివితివి గద సారూ," అన్నది.

కార్డు కోసమా అన్న. ఆమె రవికెలకెల్లి ప్లాస్టిక్ కవరు తీసింది, అందుల కార్డు. మడత పడకుండ దాచింది. తర్వాత మెల్లగ చెప్పింది. బొంబైల ఇరవై ఏండ్లు ఉన్న, ఏ కాగితం మీద చూసినా కూలి అనే రాసిన్రు. రేషన్ కార్డు మీద కూలి, దవాఖాన చీటీల కూలి. భర్త పోతే ఆ కాగితంల గూడ కూలి భార్య అని. చెలక చేస్తున్నంక గూడ పట్టా వేరేవాళ్ల పేరు మీద ఉంది, పాసుబుక్కు నాకు రాదు, వానలు పడకుంటే వచ్చే సాయం నాకు రాదు. సర్కారు నన్ను రైతు అన్నది ఈ ఒక్క కార్డు మీదనే.

నేను ఆ కార్డు తీసి చూసిన. ముప్పై కార్డులు రాసిన మనిషిని నేనే. వృత్తి అన్న చోట "రైతు, అమ్మకందారు" అని నా చేతిరాతే. అందరికి అట్లనే రాసుకుంట పోయిన, ఏం ఆలోచించకుండ.

"పోదు అక్కా, నేను చూసుకుంట," అన్న.

"నువ్వు బదిలీ అయితే?" అన్నది.

ఆమెను ఆటోల దవాఖానకు తీసుకపోయి, సూది వేయించి, వాళ్ల ఊరి ఆటో ఎక్కించిన. రూముకు వచ్చి కూసున్న. సాయంత్రం భార్యకు ఫోన్ చేసి చెప్దామనుకున్న గని ఏమని చెప్పాలె? నా మీద నమ్మకంతోని వస్తుంది అనుకున్న మనిషి, నేను రాసిన షరతుకు భయపడి వస్తుంది అనా? తిన్నవా అన్నది. తిన్న అన్న.

ఆ తెల్లారే షరతు తీసేయాలని ఒక నోట్ రాసిన. రాసి, మేడం ముందు పెట్టకుండ సొరుగుల పెట్టుకున్న. ఎందుకంటే ఆ నోట్ పోతే, ఎందుకు తీసేయాలని అడుగుతరు. అడిగితే మార్కెట్ ఖాళీ అని చెప్పాలె. ఒక అబద్ధం చెప్తే, దాని తర్వాత మంచి పని చేసేదానికి గూడ భయమైతది. ఇది మీకు ఏ శిక్షణల చెప్పరు.

రెండు నెలలకు పైనుంచి ఒక బృందం వస్తుంది అన్నరు. ఊరూర ఇట్లాంటి మార్కెట్లు ఎట్లున్నయో చూసి, బాగున్నకాడ హాస్టళ్ల ఆర్డర్లు ఇప్పిస్తరట. అప్పుడు మేడంకు సగం నిజం చెప్పిన. జర పలచగ ఉంది మేడం అన్న. ఆమె నా మొకం దిక్కు చూసి, ఒక్కరోజు నింపుదాం, ఆర్డరు వస్తే నిజంగనే నిండుతది అన్నది. ఆమె ఆశ నాకు అర్థమైంది. ఆమెకు మాత్రం సంగతి మొత్తం తెల్వదు. అడగకుండనే అడిగినట్టు రాసిన సంగతి చెప్పలే.

బృందం వచ్చే పొద్దున మున్సిపాలిటీ ట్రాక్టరు పంపి చౌరస్తా ఆడోళ్లను తెచ్చినం. కొందరికి అమ్మేదానికి సరుకు లేదంటే మండీ నుంచి తెప్పించినం. తొమ్మిదింటికల్ల గద్దెలన్ని నిండినయి. ఫ్యాన్లన్ని తిరుగుతున్నయి. ఎన్ని రోజులు ఇట్ల ఊహించుకున్ననో అట్లనే ఉంది మార్కెట్. నేను మాత్రం ఒక మూలకు నిలబడి క్యారెట్లను చూస్తున్న. మా చెలకలల్ల క్యారెట్ ఎక్కడ పండుతది?

బృందంల పెద్దాయన ఒకాయన ఉండె, రిటైర్‌మెంట్‌కు దగ్గరున్నట్టు ఉండె. తొందర లేదు ఆయనకు. ఒక క్యారెట్ చేతుల పట్టుకొని, ఏ ఊర్ల పండించినవమ్మా అని ఒకామెను అడిగిండు. ఆమె నా దిక్కు చూసింది. ఆయన క్యారెట్ అక్కడ పెట్టి ముందుకు నడిసి, పందొమ్మిదో గద్దె కాడ ఆగిండు. ఆ గద్దె మీద పుంటికూర, పాలకూర ఉన్నయి. ఆకులకు అక్కడక్కడ పురుగు తిన్న చిల్లులు గూడ ఉన్నయి. ఇది నీ తోటదేనా అన్నడు. నాదే సారూ అన్నది.

"రోజు ఇట్లనే నిండుగ ఉంటదామ్మా?"

ఆమె తల కిందికి వేసుకొని పాలకూర కట్టల మీద నీళ్లు చల్లింది. "ఉంటది సారూ," అన్నది.

నేను చెప్పమనలే. ఆమెతోని ఆ మాట నేను అనిపియ్యలే. కార్డు కోసం అన్నదో, నా కోసం అన్నదో ఇప్పటికీ నాకు తెల్వదు. ఒకటి మాత్రం తెలుసు. ఆమె కాడ నేను చానాసార్లు కూసున్న, ఎన్నో మాటలు విన్న, ఆమె నోట అబద్ధం వినుడు అదే మొదలు. అది నా కాడ నుంచి అంటుకున్న రోగం.

పెద్దాయన నా దిక్కు తిరిగిండు. చేతుల నేను రాసిన నివేదిక ఉంది. స్థలం ఖరారు చేయకముందు వీళ్లను అడిగిన్రా, ఇక్కడ అభిప్రాయం తీసుకున్నట్టు రాసుంది అన్నడు. అవునండి అంటే అయిపోతది. ఆయన టిక్కు పెట్టుకొని పోతడు, ట్రాక్టరు ఆడోళ్లను దింపుతది, నాకు మూడేండ్ల సర్వీసు సాఫీగ గడుస్తది.

"అడగలే సార్," అన్న. "అడిగినట్టు రాసిన."

నా గొంతు నాకే కొత్తగ వినిపించింది. ఒకసారి మొదలయ్యేసరికి ఆగలే. ఈ అక్క ఒక్కతే రోజు వస్తది, మిగతోళ్లను ఇయ్యాల మేమే ట్రాక్టర్ల తెచ్చినం, ఈ క్యారెట్లు మండీయి, అని చెప్పేసిన. మేడం మొకం నేను చూడలే. చూసేంత ధైర్యం అప్పటికే ఖర్చయిపోయింది.

పెద్దాయన నివేదిక మడిచిండు. కోపం చేయలే. ఇప్పుడన్న అడుగుండ్రి అని ఒక్క మాట అని, అక్క కాడ రెండు కట్టలు పుంటికూర తీసుకొని కారెక్కిండు.

వాళ్లు పోయినంక మేడం నా కాడికి వచ్చింది. గట్టిగ మాట్లాడలే. నాకు ముందు చెప్పి ఉంటే నేను గూడ మీ పక్కన నిలబడి ఈ మాట చెప్తుంటిని గద అన్నది. అంతే. నా సర్వీసుల నేను తిన్న మెమోలు చానా ఉన్నయి, ఒక్కటి గూడ ఈ మాటంత బరువు లేదు. నిజం చెప్పిన అని నాకు ఒక పక్క తేలికగ ఉంది. ఆ నిజం గూడ ఆమెను అడగకుండనే చెప్పిన, ఆమె మెడ మీద పెట్టిన అని అప్పుడు అర్థమైంది.

అక్క కాడికి పోయిన. ఆమె ఒక్కటే అడిగింది, నా కార్డు ఉంటదా సారూ అని. ఈసారి నేను చూసుకుంట అనలే. తెల్వదు అక్కా అన్న.

మెమో వచ్చింది, జవాబు రాసిన, తప్పు ఒప్పుకున్న. నాగర్‌కర్నూల్ దిక్కే బదిలీ చేసిన్రు. శిక్ష వేసి భార్య కాడికి పంపిన్రు, అదృష్టం అన్నరు తెలిసినోళ్లు. పోయే రోజు సన్మానం, చాయ్ ఏం లేవు. పక్క సీటు సీనియర్ అసిస్టెంట్ ఒక్కడే లేచి నా సంచి బస్సు దాంక మోసిండు. ఆ రోజు నేను అడిగింది నువ్వు విన్నవు, నేను ఇంకోసారి గట్టిగ అడగాల్సి ఉండె, అన్నడు బస్సు కదిలేటప్పుడు. ఆయన తప్పు ఏముంది? కాని ఆయన గూడ దాన్ని ఇన్ని దినాలు మోసిండని అప్పుడే తెలిసింది.

ఇంటికి వచ్చినంక భార్యతోని ఒకే కప్పు కింద ఉండుడు గూడ మళ్ల నేర్సుకోవాల్సి వచ్చింది. ఆరు నెలల దాంక ఈ సంగతి ఆమెకు చెప్పలే. చెప్పినప్పుడు, ఆ అక్క ఎట్లుంది ఇప్పుడు అని అడిగింది. ఆ పొద్దే పక్క సీటు ఆయనకు ఫోన్ చేసిన.

తర్వాత సంగతులు సీనియర్ అసిస్టెంట్ ఫోన్ల చెప్పిండు. మేడం మూడు పొద్దులు చౌరస్తాల పట్ట మీద కూసొని ఆడోళ్లనే అడిగిందట. వాళ్లు పెద్ద షెడ్డు అడగలే. చౌరస్తా పక్కన బడి గోడ నీడకు, పొద్దున మూడు గంటలు కూసోనిస్తే చాలన్నరట. ఒక నల్లా, పైన ఒక రేకు. కొన్నాళ్లకు అట్లనే చేసిన్రు. హాస్టళ్ల ఆర్డరు గూడ వచ్చింది. అడిగితే గింత చిన్నగ తేలే పని అది. బైపాస్ షెడ్డుల ఇప్పుడు చెత్త బండ్లు నిలబెడుతున్నరట.

విని సంతోషమయ్యింది. మరి పందొమ్మిదో నంబరు అక్క ఏ గోడ కాడ కూసుంటుంది అన్న. పాత కార్డులు రద్దయినయి అన్నడు. కొత్త కార్డులు, సర్వే చేసిన మూడు పొద్దులు చౌరస్తాల ఉన్నోళ్ల పేరు మీద రాసిన్రు. ఆమె ఆ మూడు పొద్దులు చౌరస్తాల లేదు. బైపాస్ షెడ్డుల కూసుని ఉంది. మనం చెప్పిన మాట విన్న ఒక్క మనిషే లెక్కలకు రాలే.

రిటైరయిన ఏడాది నేను ఆ ఊరికి పోయిన. బడి గోడ కాడ ఆడోళ్లు వరుసగ కూసున్నరు, కొనేటోళ్లు బండ్లు ఆపి కొంటున్నరు. చూసేదానికి కడుపు నిండింది. ఒకామె నన్ను గుర్తువట్టింది. ఆ అక్క కౌలు చెలకను దాని యజమాని విత్తనాల కంపెనీ సీడు పత్తికి ఇచ్చిండని, ఆమె అయిజ అవతల చెల్లె ఊరికి పోయిందని చెప్పింది. బస్సు ఎక్కి అయిజల దిగి, ఆటో పట్టుకొని, అడుగుకుంట పోయిన. చెల్లె మొగని పొలంల ఒక మూలకు కొంచెం జాగ ఇచ్చిన్రట, అందుల మెంతికూర, పాలకూర. ఆమె గట్టు మీద కూసొని కట్టలు కడుతుంది. వెంట్రుకలు తెల్లబడ్డయి. నన్ను చూసి లేవలే, పక్కకు జరిగి జాగ ఇచ్చింది.

నీళ్లిచ్చింది, తాగిన. బాగున్నవా సారూ అన్నది. బాగున్న అన్న. చెప్పాలని వచ్చిన మాటలు చెప్పిన. అడగకుండ రాసిన సంగతి, షరతు నోట్ సొరుగుల దాచిన సంగతి, సర్వేల పేరు పోయిన సంగతి. ఆమె వినుకుంటనే కట్టలు కట్టింది. పోనీలే అనలే, తిట్టలే. ఇప్పుడు లారీ ఊర్లకే వస్తుందని, వాళ్లు ఇచ్చిన కాడికి ఇస్తరని చెప్పింది. మోకాళ్లు నొస్తున్నయంది.

నేను వచ్చే ముందర ఆఫీసుల కలిసి అడిగిన. బడి గోడ కాడ ఒక జాగ ఖాళీ అయితుంది, దరఖాస్తు పెడితే ఇస్తరు, కార్డుల రైతు అనే రాస్తరు అన్నరు. ఆ మాట చెప్పిన. దరఖాస్తు కాగితం గూడ జేబుల పెట్టుకొని వచ్చిన.

"మళ్ల వస్తవా అక్కా?" అన్న.

ఆమె కట్ట కింద పెట్టి నా దిక్కు చూసింది.

"అడుగుతున్నవా సారూ, చెప్తున్నవా?"

"అడుగుతున్న."

ఆమె చానాసేపు చెలక దిక్కు చూసింది. అంతసేపు ఆలోచించేదానికి ఆమెకు ఎవరన్న వెసులుబాటు ఇచ్చినరో లేదో ఆమె బతుకుల.

"అయితే రాను," అన్నది.

ఎందుకని అడగబోయి ఊకున్న. ఆమె మళ్ల కట్టలు కట్టుడు మొదలువెట్టింది. నేను లేచి, పోయొస్త అక్కా అని రోడ్డు మీదికి నడిసిన. ఆ వేళకు ఆటోలు తక్కువ. ఎండల చానాసేపు ఒక్కన్నే నిలబడ్డ. అటు తిరిగి చూస్తే ఆమె సాళ్లకు నీళ్లు మలుపుతుంది, తడిసిన సాలు నల్లగ ముందుకు పాకుతుంది.